ఫోన్లో పిలిస్తే స్టేషన్‌కు వెళ్లాలా?

ప్రశ్న: మాది హిందూపురం. లెక్కల మాస్టారుగా రిటైరై, నాలుగేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాం. నా వయసు 64. మావాడిది సెకండ్ షిఫ్ట్, బండి మీద ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. పదిరోజుల కిందట టిన్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు ఆపారు. లైసెన్స్ చూశాక ఫోన్ తెరవమన్నారు. వాట్సాప్‌లో ఏవో మాటలు కొట్టి వెతికారు, ఫొటోలు తిప్పి చూశారు. బండి పక్కన నిలబెట్టి వాణ్ణి ఫొటో తీసుకున్నారు, ఆధార్ కార్డునూ తీసుకున్నారు, పొమ్మన్నారు. మొన్న నాకు ఫోన్ వచ్చింది. ‘ఒక కేసులో మీ నంబరు వచ్చింది, సోమవారం పదింటికి నువ్వూ నీ కొడుకూ ఫోన్లు తీసుకుని స్టేషన్‌కు రండి’ అన్నారు. వాడు వాడే సిమ్ నా పేరు మీద కొన్నదే. మా ఆవిడ వాట్సాప్ మొత్తం చెరిపెయ్యమని ఒకటే పోరు. ఈ మధ్య ఫోన్లో గరగరమని చప్పుడొస్తోంది, మా మాటలు వింటున్నారా? వాడి పాస్‌పోర్టుకు ఇబ్బంది అవుతుందా? మా వంశంలో స్టేషన్ మెట్లెక్కినవాళ్లు లేరు. వెళ్లాలా, వద్దా? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మాస్టారూ, సోమవారం సంగతి ముందు తేల్చుకుందాం, మిగతావి తర్వాత.

ఆ ఫోన్ చేసింది అసలు పోలీసేనా అన్నది మొదట చూడాలి. ‘మీ నంబరు కేసులో వచ్చింది’ అన్న మాట డిజిటల్ అరెస్ట్ మోసగాళ్లకు పల్లవి లాంటిది. వాళ్లయితే తర్వాత వీడియో కాల్‌లోకి రమ్మంటారు, కెమెరా ఆపొద్దంటారు, ఇంట్లోవాళ్లకు చెప్పొద్దంటారు, చివరికి ‘వెరిఫికేషన్ కోసం’ డబ్బు ఒక ఖాతాలో వెయ్యమంటారు. మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. మిమ్మల్ని నేరుగా స్టేషన్‌కు రమ్మన్నారు కాబట్టి నిజం పోలీసులే అయ్యుండొచ్చు, అయినా సరిచూసుకోండి. వాళ్లిచ్చిన నంబరుకు కాకుండా, కర్ణాటక పోలీసు వెబ్‌సైట్‌లో ఉన్న స్టేషన్ ల్యాండ్‌లైన్‌కు మీరే ఫోన్ చేయండి. ఫోన్ చేసినాయన పేరు, హోదా, క్రైం నంబరు, దర్యాప్తు అధికారి ఎవరు – ఈ నాలుగూ అడిగి కాగితం మీద రాసుకోండి. క్రైం నంబరు, సంవత్సరం చేతికొస్తే అదే వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ వెతికి చూసుకోవచ్చు. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ కాల్ మోసగాళ్లదని తేలితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పి ఊరుకోండి.

నిజమైన పోలీసే అనుకుందాం. మీ నంబరే ఎందుకు వచ్చిందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. ఒక నిందితుడు దొరికితే అతని కాల్ రికార్డులు తెప్పిస్తారు. టెలికాం కంపెనీలు ఈ రికార్డులను కనీసం రెండేళ్లు దాచిపెట్టాలని 2021 డిసెంబరు నుంచి నిబంధన. అందులో అతను ఎప్పుడో పలకరించిన డెలివరీ కుర్రాడి దగ్గర్నుంచి, పాత బండి అమ్ముతానని ప్రకటన ఇచ్చినవాడి దాకా అందరి నంబర్లూ ఉంటాయి. ఇంకో పద్ధతి, ఫలానా గంటలో ఫలానా టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటి జాబితా తీయడం. టిన్ ఫ్యాక్టరీ దగ్గర సాయంత్రం ఏడింటికి అలాంటి జాబితా తీస్తే సగం కె.ఆర్.పురం అందులో ఉంటుంది. మీరు లెక్కల మాస్టారు, మీకు చెప్పక్కర్లేదు: అంత పెద్ద సమితిలో సభ్యుడు కావడం దేనికీ రుజువు కాదు. నంబరు దొరికాక కంపెనీ రికార్డులో పేరు, చిరునామా చూస్తారు. సిమ్ మీ పేరు మీద ఉంది. అందుకే ఆ కాల్ కొడుక్కి కాకుండా తండ్రికి వచ్చింది.

ఇక పిలుపు. నోటిమాటతోనో ఫోన్‌తోనో ‘రా’ అంటే తప్పక వెళ్లితీరాలని చట్టంలో ఎక్కడా లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో మీకు కావలసినవి రెండు సెక్షన్లు. 179 అంటే సాక్షిగా పిలవడం, దానికి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. 35(3) అంటే అనుమానితుడిగా హాజరు కమ్మని నోటీసు. చేతికొచ్చిన కాగితం మీద మొట్టమొదట చూడాల్సింది ఈ అంకెనే. 179 అయితే మీవాడు తెలిసింది చెప్పి రావడమే. 35(3) అయితే వకీలుతో మాట్లాడకుండా గడప దాటొద్దు, అలాగని ఎగ్గొట్టనూ వద్దు. ఆ నోటీసుకు హాజరైతే మామూలుగా అరెస్టు చేయకూడదు, చేస్తే కారణాలు రాసిపెట్టాలి. ఎగ్గొడితే మాత్రం అరెస్టుకు మనమే దారి ఇచ్చినట్టు. ఈ రెండు రకాల నోటీసులూ వాట్సాప్‌లో పంపితే చెల్లవని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, చేతికే ఇవ్వాలి.

మీ వరకైతే ఇంకో రక్షణ ఉంది. 179 కింద పిలిచేటప్పుడు 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లల్ని, ఆడవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను వాళ్లుండే చోటు తప్ప మరో చోటికి రమ్మనకూడదు. పాత చట్టంలో ఇది 65 ఏళ్లు, కొత్తదాంట్లో 60కి దించారు. మీకు 64 కాబట్టి, సాక్షిగా అయితే వాళ్లే మీ ఇంటికి రావాలి. ఒక మెలిక ఉంది, మీ అంతట మీరు వస్తానంటే రానివ్వొచ్చు. పెద్దమనిషి తరహాలో ‘దానిదేముంది సార్, వస్తాను’ అన్నారో, ఆ రక్షణ అక్కడితో సరి.

సోమవారం లోపు స్టేషన్‌కు ఫోన్ చేసి మర్యాదగా ఒక్క మాట చెప్పండి: ‘నోటీస్ కొడి సార్, ఖండిత బర్తీని.’ నోటీసు ఇవ్వండి, తప్పకుండా వస్తాను అని. రానన్నట్టు లేదు, కాగితం కావాలన్నట్టు ఉంది. అదే మాట ఆంగ్లంలోనో కన్నడంలోనో నాలుగు వాక్యాలుగా రాసి స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరిట స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తారీఖు, కాల్ వచ్చిన సమయం, మీ వయసు, కొడుకు షిఫ్ట్ వేళలు, నోటీసు ఇస్తే హాజరవుతామన్న మాట – అంతే చాలు. కథంతా రాయకండి. రాసినది రేపు ఫైల్లో కూర్చుంటుంది. ‘కేసు ఇంకా కట్టలేదు, ఊరికే విచారణ’ అని అటునుంచి జవాబొస్తే, 179 కింద పిలిచే అధికారం దర్యాప్తు మొదలయ్యాకే వస్తుందని గుర్తుంచుకోండి. అయినా అలాంటి సందర్భాల్లో స్థానిక వకీలు ఒకరిని వెంటబెట్టుకుని పది నిమిషాలు వెళ్లి రావడమే నయం. పంతానికి పోతే కానిస్టేబుల్ మాటిమాటికీ ఇంటికొస్తాడు, వీధంతా కిటికీల్లోంచి చూస్తుంది. వకీలుకు డబ్బు కట్టే స్థోమత లేనివాళ్లు 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయసహాయం గురించి చెబుతారు.

మీ ఆవిడగారికి మాత్రం గట్టిగా చెప్పండి, ఏదీ చెరపొద్దని. కాల్ రాక ముందు పాత చాట్లు తీసేయడం వేరు. వచ్చాక తీసేస్తే సాక్ష్యం మాయం చేయడం కిందికి వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 238, 241 సెక్షన్లు అందుకే ఉన్నాయి, 241 అయితే ఎలక్ట్రానిక్ రికార్డులను పేరుపెట్టి చెబుతుంది. పైగా చెరిపిన చాట్ అవతలివాడి ఫోన్లో భద్రంగా ఉంటుంది. ఏ తప్పూ లేని మనిషి ఫోన్ సరిగ్గా పోలీసులు పిలిచిన మర్నాడు ఖాళీ అయితే ఎవరికైనా ఏమనిపిస్తుంది?

స్టేషన్‌కు వెళ్లేటప్పుడు మీవాడు నోటీసులో రాసినవి మాత్రమే తీసుకెళ్లాలి. ఫోన్ తెమ్మని నోటీసులో లేకపోతే స్మార్ట్ ఫోన్ ఇంట్లో పెట్టి మామూలు బటన్ల ఫోన్‌తో వెళ్లొచ్చు. ఫోన్ కావాలంటే స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి సురక్షా సంహిత 94 సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగాలి. లోపలికి వెళ్లిన సమయం, బయటికొచ్చిన సమయం చేతిమీదైనా రాసుకోమనండి. దేశంలోని ప్రతి స్టేషన్లో ద్వారం, లాకప్, వరండా, రిసెప్షన్ కనిపించేలా సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. రేపు ఏదైనా తేడా వస్తే ఆ రికార్డింగు అడగాలంటే సమయం తెలియాలి.

అడిగినదానికి నిజం చెప్పాలి. తనను నేరంలోకి లాగే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదని అదే సంహిత 180 సెక్షనే అంటుంది. సాక్షిగా ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు, ఇది 181.

ఇక్కడ మనవాళ్లు ప్రత్యేకంగా దెబ్బతినే చోటు ఒకటుంది. కన్నడ అక్షరాలు మనవాటికి అక్కచెల్లెళ్లు కావడంతో, కూడబలుక్కుని చదివేసి ‘అర్థమైందిలే’ అని సంతకం పెట్టేస్తారు. అక్షరం వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్టు కాదు. కన్నడంలో ‘ఆరోపి’ అంటే ఆరోపణ చేసినవాడు కాదు, నిందితుడు. ‘హేళికె’ అంటే వాంగ్మూలం. ‘ఒప్పిగె’ అంటే సమ్మతి. ‘స్వఇచ్ఛెయింద’ అని ఉంటే తన ఇష్టపూర్వకంగా ఇచ్చాడని. ఫోన్ ఇచ్చిన కాగితంలో ఈ చివరి రెండు మాటలు ఉన్నాయంటే, ‘బలవంతం చేశారు’ అని రేపు మీవాడు అన్నా నిలవదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టాల్సొస్తే ముందు చదివి వినిపించమనాలి. సంతకం పక్కనే తెలుగులో ‘కన్నడం రాదు, చదివి వినిపించారు’ అనో, ‘వినిపించలేదు’ అనో రాసి, తారీఖు, గంట వెయ్యాలి. తెలుగులో రాయకూడదని ఎవరూ అనలేరు.

ఫోన్ స్వాధీనం చేసుకుంటే మహజరు రాయాలి. మన ఊళ్లలో పంచనామా అనేది ఇక్కడ మహజరు. స్వాధీనాన్ని వీడియో తీయాలని కొత్త చట్టం 105 సెక్షన్‌లో పెట్టింది, మొబైల్‌తో తీసినా సరే. జాబితాలో ‘ఒక నల్ల ఫోన్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. కంపెనీ, మోడల్, రెండు ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబర్లు, సిమ్‌లు, మెమరీ కార్డు ఉందో లేదో, స్క్రీన్ మీద పగుళ్లు – ఇవన్నీ ఉండాలి. ఐఎంఈఐ ఇవాళే *#06# కొట్టి కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, ఫోన్ పోయాక తెలుసుకోవడం తలనొప్పి. జాబితా నకలు అడిగి తీసుకోవాలి. ఫోన్ ఇచ్చిన రోజే బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించాలి. ఆఫీసు మెయిల్ ఉన్న ఫోన్ అయితే కంపెనీ ఐటీ విభాగానికి వెంటనే తెలియజేయాలి. చెప్పకపోతే కేసుతో పోయేదానికి ఉద్యోగం కూడా తోడవుతుంది. నెలల తరబడి ఫోన్ ఇవ్వకపోతే మేజిస్ట్రేటు దగ్గర 503 కింద మధ్యంతర అప్పగింత కోసం అర్జీ వేయొచ్చు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. లైసెన్స్ అడిగే హక్కు యూనిఫాంలో ఉన్న పోలీసుకు మోటారు వాహనాల చట్టం 130 కింద ఉంది, ఇవ్వాల్సిందే. బండి కాగితాలూ అంతే. ఊరికే ఆపిన మనిషి వాట్సాప్ తెరిచి వెతికే హక్కు అందులో లేదు. ఫోన్ పాస్‌వర్డ్ గురించి 2021 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఇచ్చిన తీర్పు, అడిగితే ఇవ్వనివాడి విషయంలో పోలీసులు కోర్టుకు వెళ్లి సెర్చ్ వారంటు తెచ్చుకోవాలని చెప్పింది. వారంటుకు వ్యవధి లేనంత అత్యవసరమైతే కారణాలు రాసిపెట్టాలంది. షిఫ్ట్ దిగి ఇంటికెళ్తున్నవాడి విషయంలో అంత అత్యవసరం ఎక్కడిది? గంజాయి అనుమానంతో ఒళ్లు తడమాలంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు ఉందని ముందుగా చెప్పాలి. అది మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 50వ సెక్షన్. ఆ చట్టం కింద సోదా అధికారం ఉన్నది కానిస్టేబుల్ కంటే పై హోదావాళ్లకు.

ఇవన్నీ రాత్రి ఒంటిగంటకు రోడ్డు మీద వల్లించమని మాత్రం నేను చెప్పను. సెక్షన్లు చదివితే ఎదుటివాడికి అహం దెబ్బతింటుంది. ఫోన్ లాక్కుంటుంటే చెయ్యి అడ్డం పెట్టినా, ‘విధుల్లో ఉన్న ఉద్యోగి మీద చేయి చేసుకున్నాడు’ అని న్యాయ సంహిత 132 కింద కేసు రాసే అవకాశం వాళ్లకు ఉంటుంది. ఆ రాత్రికి మీవాడి పని ఇంటికి చేరడం. ‘సార్, లైసెన్స్ ఇదిగో, ఫోన్లో ఆఫీసు డేటా ఉంది, తెరవడానికి కంపెనీ ఒప్పుకోదు’ అని ఒకసారి, మళ్లీ అడిగితే ఇంకోసారి మెల్లగా చెప్పాలి. మూడోసారి గద్దిస్తే తెరిచి ఇచ్చెయ్యొచ్చు, కానీ ‘మీరు అడిగితే తెరుస్తున్నాను’ అని పైకి అనాలి. అది సమ్మతి కాదని చెప్పుకోవడానికి ఆ ఒక్క మాట పనికొస్తుంది.

అసలు ఫోన్ చేతులు మారడం ఎలా మొదలవుతుందో గమనించారా? చాలాసార్లు డిజిలాకర్‌తో. లైసెన్స్ చూపించడానికి మనమే లాక్ తీసి, ఫోన్ అవతలి చేతిలో పెడతాం. ఆ తర్వాత పక్క యాప్‌లోకి వెళ్లడానికి ఒక్క వేలు చాలు. డిజిలాకర్‌లో ఉన్న లైసెన్స్, ఆర్‌సీ చెల్లుతాయన్న మాట నిజమే, 2018లోనే కేంద్రం స్పష్టం చేసింది. కానీ రాత్రి ప్రయాణానికి ప్లాస్టిక్ కార్డు లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ జిరాక్సులు బండి సీటు కింద ఒక కవర్లో ఉంటే ఫోన్ జేబులోంచి తీయాల్సిన పనే రాదు. ఫోనే చూపించాలంటే ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద, కొన్ని ఫోన్లలో ‘మరిన్ని సెక్యూరిటీ సెట్టింగ్స్’ కింద దొరుకుతుంది. దాన్ని ఆన్ చేసి, అన్‌పిన్ చేసేముందు పిన్ అడగాలన్న మీట కూడా ఆన్ చేయాలి. ఈ రెండోది మరిచిపోతే మొదటిదానివల్ల లాభం లేదు. తర్వాత డిజిలాకర్ తెరిచి, ఇటీవలి యాప్‌ల తెరలోకి వెళ్లి, పైన ఆ యాప్ గుర్తు నొక్కితే ‘పిన్’ అని వస్తుంది. ఇక ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా ఆ ఒక్క యాపే కనిపిస్తుంది. ఐఫోన్‌లో అదే పని గైడెడ్ యాక్సెస్ చేస్తుంది, యాక్సెసిబిలిటీలో ఆన్ చేసి పక్క బటన్ మూడుసార్లు నొక్కడమే. ఇంట్లో రెండుసార్లు అలవాటు చేసుకోమనండి, రోడ్డు మీద కంగారులో వేళ్లు తిరగవు.

వేలిముద్ర, ముఖం లాక్‌లు సౌకర్యమే కానీ, వేలు పట్టుకుని ఫోన్ మీద పెడితే తెరుచుకుంటుంది. వేలిముద్ర ఇవ్వడం తన మీద తాను సాక్ష్యం చెప్పడం కాదని 1961లోనే సుప్రీంకోర్టు అంది. తలలో ఉన్న పిన్ గుట్టు వేరు. చెక్‌పోస్ట్ దూరం నుంచి కనిపించగానే బండి పక్కన ఆపి, ఆండ్రాయిడ్ అయితే పవర్ మెనూలో ‘లాక్‌డౌన్’ నొక్కాలి, ఐఫోన్ అయితే పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి రెండు సెకన్లు పట్టుకోవాలి. ఇక పిన్ కొడితే తప్ప తెరుచుకోదు.

జరిగింది అదే రాత్రి రాసిపెట్టుకోవడం ఎంత పనికొస్తుందో చెప్పడానికి ఈ ఊరి సంగతే ఒకటి చాలు. 2022 డిసెంబరులో మాన్యతా టెక్ పార్క్ దగ్గర, రాత్రి పదకొండు దాటాక రోడ్డు మీద నడవకూడదంటూ ఇద్దరు పోలీసులు ఒక జంట దగ్గర వెయ్యి రూపాయలు ఆన్‌లైన్లో కట్టించుకున్నారు. అలాంటి నిబంధనే లేదు. చెల్లింపు జాడ ఉంది, జంట జరిగింది జరిగినట్టు బయటపెట్టింది. ఆ ఇద్దరూ సస్పెండ్ అయ్యారు. మీవాడూ తారీఖు, సమయం, ఏ ఫ్లైఓవర్ కింద, హొయ్సళ (పోలీసు గస్తీ) బండి అయితే దాని నంబరు, ఛాతీ మీద పేరు – గుర్తున్నంతవరకు ఇవాళే రాయాలి. పదిరోజులైంది, ఇంకా ఆలస్యమైతే ఊహలు జ్ఞాపకాల్లా కలిసిపోతాయి.

మీవాడి ఫొటో గురించి మీ ఆందోళన సమంజసమే. కొలతలు, వేలిముద్రలు, ఫొటోలు తీసుకునే అధికారం ఇచ్చేది 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం. శిక్షపడినవాళ్లు, అరెస్టయినవాళ్లు, మంచి ప్రవర్తనకు పూచీకత్తు ఇమ్మని ఉత్తర్వు పొందినవాళ్లు దాని కిందికి వస్తారు, వేరే ఎవరివైనా కావాలంటే మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి. ఆ రికార్డులను 75 ఏళ్లు దాచుతారు. రోడ్డు మీద ఆపి వదిలేసిన మీవాడు ఈ జాబితాలో ఎక్కడా లేడు. అయితే ఆ ఫొటో ఏ యాప్‌లోకి పోయిందో, కానిస్టేబుల్ సొంత ఫోన్లోనే ఉందో మనకు కనిపించదు. తీసేయించడం అంత సులువు కాదని ముందే చెబుతున్నాను. డీసీపీకి ఒక లేఖ, సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టండి. కర్ణాటకలో ఆర్టీఐ అర్జీ ఒకే విషయం మీద, 150 మాటలు మించకుండా ఉండాలి, రుసుము 10 రూపాయలు. మించితే తిప్పి పంపుతారు, చాలామంది అర్జీలు ఇక్కడే పడిపోతాయి. ‘ఎందుకు తీశారు’ అని అడిగితే ‘అది సమాచారం కాదు’ అంటారు. ‘ఫలానా తేదీ, ఫలానా చోట తనిఖీకి ఆదేశించిన ఉత్తర్వు నకలు, తీసిన ఫొటోలు ఎంతకాలం ఉంచాలో చెప్పే సర్క్యులర్ నకలు ఇవ్వండి’ అని కాగితాలు అడగండి. ఇక మీదట ఎవరికైనా ఆధార్ చూపాల్సొస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమనండి. బండి ఆపినప్పుడు లైసెన్సే చాలు.

గరగర చప్పుడుకు, పోలీసులు వినడానికి సంబంధం లేదు. వినేది కంపెనీ నెట్‌వర్క్‌లో, మీ చేతిలోని ఫోన్లో చప్పుడే రాదు. మైకు రంధ్రంలో దుమ్ము, సిమ్ వదులు, సిగ్నల్ లేకపోవడం – వీటిలో ఏదో ఒకటి. మనశ్శాంతికి *#21# కొట్టి మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయేమో చూసుకోండి, మళ్లుతుంటే ##002# కొడితే రద్దవుతుంది. అది కూడా మోసగాళ్ల పనే ఎక్కువగా. చట్టబద్ధంగా వినాలంటే కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి, 60 రోజులకొకటి, మొత్తం 180 రోజులు మించకూడదు. 2025 జులైలో మద్రాసు హైకోర్టు, ఒక అవినీతి కేసులో వచ్చిన ట్యాపింగ్ ఉత్తర్వునే కొట్టేసింది. ప్రజా భద్రత, అత్యవసరం ఉంటే తప్ప నేరం పసిగట్టడానికి రహస్యంగా వినకూడదంది. చెక్‌పోస్ట్‌లో ఆపిన కుర్రాడి కోసం హోం కార్యదర్శి సంతకం చేయడు లెండి.

మీకు నచ్చే విషయం ఒకటి. పోలీసులు అనుమానం మీద ఒక మనిషి ఇంటి తలుపు రాత్రిళ్లు తట్టడం గురించి 1962లో ఖడక్ సింగ్ కేసు వచ్చింది. రాత్రి తలుపు తట్టడం తప్పని అందరూ ఒప్పుకున్నా, గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు ఎక్కువమంది జడ్జీలు. కాదు, నీడలా వెంట ఉండే నిఘా మొత్తం తప్పేనని విడిగా రాసినాయన మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ మైనారిటీ మాటే సరైనదని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒప్పుకున్నారు. ఈ 2017 తీర్పు వచ్చిన కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి 2024లో కన్నుమూసేదాకా ఉండేది మీ బెంగళూరులోనే. 2012లో కోర్టుకెక్కేనాటికి ఆయన వయసు 86.

పాస్‌పోర్టుకు ఇప్పుడే భయపడక్కర్లేదు. సాక్షిగా పిలవడం అడ్డు కాదు. పాస్‌పోర్టు చట్టంలో పెండింగు కేసు అడ్డంకి అయ్యేది అది క్రిమినల్ కోర్టులో నడుస్తున్నప్పుడే. ఎఫ్‌ఐఆర్ ఉన్నా కోర్టు దాన్ని విచారణకు తీసుకునేదాకా అది ఈ లెక్కలోకి రాదని 2019లో విదేశాంగ శాఖ స్పష్టం చేసింది. ఫారంలో అడిగినదానికి అబద్ధం రాస్తే మాత్రం, లేని చిక్కు మనమే తెచ్చుకున్నట్టు.

చివరగా ఆ సిమ్. మీ పేరు మీద ఇంకా ఎన్ని నంబర్లున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో ఓటీపీతో చూసుకోండి. మీకు తెలియనివి ఉంటే అక్కడే ‘నాది కాదు’ అని చెప్పొచ్చు. మీవాడి నంబరు మాత్రం వాడి పేరు మీదికి మార్చేయండి, ఇద్దరూ ఆధార్ తీసుకుని కంపెనీ స్టోర్‌కు వెళితే నంబరు మారకుండానే అవుతుంది. కానీ ఈ పని సోమవారానికి ముందు చేయకండి. కేసు నడుస్తుంటే పేరు మార్చడం కూడా ఏదో దాస్తున్నట్టే కనిపిస్తుంది. నోటీసు వ్యవహారం తేలి, వకీలు సరేనన్నాకే వెళ్లండి.